చింతగింజంత పార్టులా నత్త: తరచుగా అడిగే ప్రశ్నలు

పోయిన వానాకాలం ఒక రాత్రి మా కాలనీ ప్రహరీ గోడ నిండా ఆఫ్రికా నత్తలు పాకాయి. పొద్దున్నే అందరూ ఉప్పు ప్యాకెట్లతో కిందికి దిగారు. "వీటిని తినే జంతువేదైనా తెచ్చి వదిలితే పీడ పోతుంది కదమ్మా" అన్నారు మూడో అంతస్తు అంకుల్. సరిగ్గా ఆ మాటే యాభై ఏళ్ల కిందట పసిఫిక్ సముద్రంలోని ఒక దీవిలో అన్నారని, అన్నంత పనీ చేశారని, దాంతో ఏ పాపం ఎరుగని ఒక చిన్న నత్తజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందని నేను చెప్పాను. అప్పటినుంచి లిఫ్ట్‌లో, కూరగాయల బండి దగ్గర, ఎక్కడ కనిపించినా ఏదో ఒక ప్రశ్న అడుగుతూనే ఉన్నారు. అందుకే అన్నిటికీ ఇక్కడ ఒకేచోట జవాబులు రాస్తున్నాను.

పార్టులా అంటే అసలు ఏ నత్త?

తాహితి, మొరియా, రాయతియా లాంటి పసిఫిక్ దీవుల్లో చెట్ల మీద బతికే నత్త. నీటి నత్త కాదు, ఊపిరితిత్తి లాంటి సంచితో గాలి పీల్చుకునే నేల నత్తల కోవలోదే. పెద్దదైనా ఒకటి, రెండు సెంటీమీటర్లకు మించదు, చింతగింజంత అనుకోండి. పగలు ఆకు అడుగున అతుక్కుని నిద్రపోతుంది, రాత్రి తేమ దిగాక బయటికొచ్చి ఎండుటాకుల మీది పాచి, బూజు గీరుకుని తింటుంది. పచ్చని పంట జోలికి పోదు. గోధుమరంగు, తెలుపు, పసుపు, చారలున్నవి, చారల్లేనివి, ఒక్కో లోయలో ఒక్కో రకం. ఆ దీవుల్లో ఆడవాళ్లు ఈ గుల్లలను దండలుగా గుచ్చుకునేవారు.

మన గోడల మీద పాకేది ఇదేనా?

కాదు, అస్సలు కాదు. మనం చూసేది తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన పెద్ద నత్త. 1847లో బెన్సన్ అనే ఆంగ్లేయుడు మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చి ఒక తోటలో వదిలాడు, అక్కడి నుంచి దేశమంతా పాకింది. అరచేతిలో పట్టనంత పెరుగుతుంది. బొప్పాయి, తోటకూర, బంతి, ఏదైనా తింటుంది, చివరికి గోడ సున్నం కూడా గీరుతుంది. ఒక విడతకే వందల గుడ్లు పెడుతుంది. పార్టులా మాత్రం గుడ్లు బయట పెట్టదు, ఒక్కో పిల్లనే కంటుంది, ఆరేడు వారాలకు ఒక్కటి. ఆ పిల్ల కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది, అప్పుడే చిన్న గుల్ల కూడా ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

మరి ఈ రెండింటికీ సంబంధం ఏమిటి?

1967లో తినడానికని ఆఫ్రికా నత్తను తాహితికి తెచ్చారు. పెంపకం నుంచి తప్పించుకుని తోటల్లో పడింది, పంటలు నాశనం చేసింది. రైతులు మొత్తుకున్నారు, ఆ బాధ నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. అప్పుడు అధికారులకు దొరికిన ఉపాయం, నత్తలను తినే ఇంకో నత్తను తేవడం. అమెరికాలో ఫ్లోరిడా వైపు ఉండే ఈ వేట నత్త పేరు యూగ్లాండినా, గుల్ల గులాబీ రంగులో పొడుగ్గా ఉంటుంది కాబట్టి మనం గులాబీ నత్త అనుకుందాం. హవాయిలో 1955లోనే వదిలారు. తాహితిలో 1974లో, మొరియాలో 1977లో వదిలారు.

గులాబీ నత్తకు పెద్ద ఆఫ్రికా నత్త అంత సులువుగా లొంగదు, దాని పిల్లలైతే లొంగుతాయి. అదే అడవిలోకి పోతే ఆకు ఆకుకీ మెత్తగా, చిన్నగా, పారిపోవడం తెలియని పార్టులాలు. ఇంకేం కావాలి? మొరియాలో అది ఏడాదికి 1.2 కిలోమీటర్ల చొప్పున ముందుకు పాకింది, అది దాటిపోయిన లోయలో పార్టులా మిగల్లేదు. 1987 వచ్చేసరికి మొరియా అడవిలో ఉన్న 7 రకాల పార్టులాల్లో ఒక్కటీ లేదు. పదేళ్లు! ఆఫ్రికా నత్త మాత్రం ఆ దీవుల నుంచి పోలేదు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు అంటామే, ఇక్కడ ఇల్లు కాలింది, ఎలుక మిగిలింది.

నత్త ఇంకో నత్తను ఎలా వేటాడుతుంది? అదీ నత్తనడకే కదా?

ఇది చాలామంది నమ్మని విషయం. నత్త పాకిన చోట బంక చార మిగులుతుంది కదా, పొద్దున మన మెట్ల మీద మెరుస్తూ కనిపించేదే. గులాబీ నత్త మూతికి రెండు వైపులా మీసాల్లాంటి తమ్మెలుంటాయి, వాటితో ఆ చారను తాకి, రుచి చూసి, ఎటు పోయిందో పసిగట్టి వెంటపడుతుంది. మిగతా నత్తల కంటే వేగంగా పాకుతుంది, చెట్టు కూడా ఎక్కుతుంది. చిన్నదైతే గుల్లతో సహా మింగేస్తుంది, పెద్దదైతే మూతి లోపలికి పెట్టి తింటుంది. పార్టులాకు తన జాడను దాచుకునే మార్గమే లేదు, తాను నడిచిన దారే శత్రువును ఇంటికి తెస్తుంది.

అంత జరుగుతుంటే ఎవరూ గమనించలేదా?

గమనించారు, నాకు ఇందులో అన్నిటికన్నా బాధనిపించేది అదే. హెన్రీ క్రాంప్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1906 నుంచి ఆ దీవుల్లో లోయ లోయా కాలినడకన తిరిగి, వేలకు వేల గుల్లలను చేత్తో కొలిచి, 1916లో తాహితి నత్తల మీద, 1932లో మొరియా నత్తల మీద పెద్ద పుస్తకాలు రాశాడు. పక్కపక్క లోయల్లోనే కొత్త రకాలు ఎలా పుడతాయో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు లేదని తర్వాత బ్రయన్ క్లార్క్, జేమ్స్ మర్రే, మైకేల్ జాన్సన్ అనే శాస్త్రవేత్తలు దశాబ్దాల పాటు అక్కడే పని చేశారు. అంటే ప్రపంచంలో అంత వివరంగా చదివిన నత్తలు చాలా తక్కువ. ఆ చదివిన వాళ్ల కళ్ల ముందే ఒక్కో లోయా ఖాళీ అయింది. వాళ్లే హెచ్చరించారు, మిగిలినవాటిని ఏరి డబ్బాల్లో పెట్టి విమానాల్లో బయటికి తెచ్చిందీ వాళ్లే, వాళ్ల తోటివాళ్లే.

2003లో వేసిన లెక్క ప్రకారం సొసైటీ దీవులనే ఆ దీవుల గుంపులో ఉండిన 61 రకాల పార్టులా కుటుంబపు నత్తల్లో అడవిలో మిగిలినవి 5.

గుల్ల కుడివైపు తిరుగుతుంది, ఎడమవైపు తిరుగుతుంది అంటారు, అది ముఖ్యమా?

మన ఇళ్లలో దక్షిణావర్త శంఖం అంటే ఎంత అపురూపమో తెలుసు కదా, మామూలు శంఖానికి వ్యతిరేకంగా చుట్టుకుని ఉంటుంది, లక్షల్లో ఒకటి దొరుకుతుంది. మొరియాలోని పార్టులా సూటురాలిస్ అనే రకంలో అది అరుదే కాదు. కొన్ని లోయల్లో అన్నీ ఒక వైపు తిరిగినవే, ఇంకొన్ని లోయల్లో అన్నీ రెండో వైపు. వ్యతిరేకంగా చుట్టుకున్న రెండు నత్తలకు జతకట్టడం కష్టం, శరీరాలే సరిగా కలవవు. అందుకని ఒకే చెట్టు మీద ఉండే రెండు రకాలు కలిసిపోకుండా వేరువేరుగా నిలబడటానికి ఈ చుట్టు పనికొచ్చిందని తేల్చారు. మా అమ్మమ్మ పూజగదిలో శంఖం చేతికిచ్చినప్పుడల్లా నాకిప్పుడు ఆ లోయలే గుర్తొస్తాయి.

మరి మొత్తం పోతే ఇప్పుడు దీని గురించి మాట్లాడుకోవడం ఎందుకు?

మొత్తం పోలేదు కాబట్టి. బయటికి తెచ్చిన కొద్ది నత్తలను లండన్, ఎడిన్‌బరో, బ్రిస్టల్, డెట్రాయిట్ లాంటి పదిహేను దాకా జూలు పంచుకుని పెంచాయి. జూ అనగానే మనకు బహదూర్‌పురాలో ఏనుగు, పులి గుర్తొస్తాయి, ఇక్కడ మాత్రం ఒక గది, అరల్లో ప్లాస్టిక్ డబ్బాలు. డబ్బా అడుగున తడి టిష్యూ కాగితం, లోపలి వైపు పూసిన తిండి ముద్ద. ఆ ముద్దలో ఓట్స్, దురదపెట్టే ఒక రకం ఆకు పొడి, గుల్ల గట్టిపడటానికి సుద్ద ఉంటాయి. పిల్ల కందిగింజ కంటే చిన్నది, కాబట్టి కాగితం మార్చేటప్పుడు మడత మడతా విప్పి వెతకాలి, ఒక్కటి పొరపాటున చెత్తలో పడిందా, ఆ రకంలో కొంత శాతం పోయినట్టే. ఇలా ముప్పై ఏళ్లకు పైగా చేశారు. నేనైతే ఆ ఓపికకు చేతులెత్తి మొక్కుతాను.

జూలో పెట్టిన అన్నీ బతికాయా?

లేదు. పార్టులా టర్గిడా అనే రకంలో చివరిది 1996 జనవరి 1న లండన్ జూలో చనిపోయింది, ఒక పరాన్నజీవి సోకి. రోగం వల్లే ఒక జాతి అంతరించిపోయిందని స్పష్టంగా నమోదైన మొదటి సందర్భంగా దాన్ని చెబుతారు. పార్టులా ఫాబా కథ ఇంకా బాధగా ఉంటుంది. 1769లో కెప్టెన్ కుక్ ఓడలో వెళ్లినవాళ్లు రాయతియా దీవిలో ఏరిన నత్త అది, ఐరోపావాళ్ల చేతికి మొదట వచ్చిన పార్టులా. దాని చివరిది 2016 ఫిబ్రవరిలో ఎడిన్‌బరో జూలో పోయింది. డబ్బాలో ఒక్కటే మిగిలి, అది కూడా ఒకరోజు కదలకపోతే, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లకు ఎలా ఉండుంటుందో ఆలోచించండి.

హవాయిలోనూ ఇదే. 2019 జనవరి 1న జార్జ్ అని పేరు పెట్టుకున్న ఒక చెట్టు నత్త చనిపోయింది, దాంతో అకటినెల్లా అపెక్స్‌ఫుల్వా అనే రకం ముగిసింది. అక్కడ కూడా గులాబీ నత్తే పెద్ద కారణాల్లో ఒకటి.

తిరిగి అడవిలోకి వదిలారా?

వదిలారు! 2015 నుంచి వదులుతున్నారు. డబ్బాల్లో సర్దిన నత్తలు ఐరోపా, అమెరికా జూల నుంచి విమానమెక్కి 15,000 కిలోమీటర్ల దాకా ప్రయాణిస్తాయి. ప్రతి నత్త గుల్ల మీద ఒక చుక్క రంగు పెడతారు, రాత్రి అతినీలలోహిత టార్చి వేస్తే ఆ చుక్క మెరుస్తుంది, అలా చెట్ల మధ్య తిరుగుతూ లెక్కపెడతారు. 2023లో ఒక్క ఏడాదే 5,000కు పైగా వదిలారు.

ఆ చుక్క వల్లే అసలు శుభవార్త తెలిసింది. 2024లో మొరియాలో లెక్కపెడుతుంటే, చుక్క లేని పెద్ద నత్త ఒకటి కనిపించింది. చుక్క లేదంటే జూ నుంచి వచ్చింది కాదు, అడవిలోనే పుట్టి, అడవిలోనే పెరిగింది. అది పార్టులా తోహివియానా రకం. దాంతో ఆ రకాన్ని "అడవిలో అంతరించినది" అనే జాబితా నుంచి తీసి "తీవ్ర ప్రమాదంలో ఉన్నది" అనే జాబితాలోకి మార్చారు. బతికే ఉన్న జీవి ప్రమాదపు జాబితాలో చేరిందంటే సంబరపడాల్సిన రోజు కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

జూలకు చేరకుండా అడవిలోనే బతికినవి ఉన్నాయన్నారు, అవెలా తప్పించుకున్నాయి?

నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. తాహితిలో పార్టులా హయాలినా అనే తెల్ల గుల్ల నత్త కొన్ని లోయల్లో మిగిలింది. పక్కనున్నవి చాలా వరకు పోయినా ఇది ఎందుకు మిగిలింది? మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లకు ఒక అనుమానం వచ్చింది, తెల్ల గుల్ల ఎండను వెనక్కి కొడుతుంది కాబట్టి ఇది అడవి అంచున ఎండ పడే ఆకుల మీద ఉండగలదు, గులాబీ నత్తకు ఆ ఎండ పడదు అని. దాన్ని రుజువు చేయడం ఎలా? నత్త ఎంత ఎండలో తిరిగిందో చెప్పే యంత్రం కావాలి, అదీ నత్త మోయగలిగేది. అదే విశ్వవిద్యాలయం ఇంజినీర్లు 2, 5, 2 మిల్లీమీటర్ల కొలతలతో, బియ్యపు గింజకు కాస్త అటూఇటూగా ఉండే కంప్యూటర్ తయారుచేసి ఉన్నారు. 2017లో దాన్ని తాహితికి తీసుకెళ్లి గులాబీ నత్తల గుల్లలకు అంటించారు. హయాలినాకు మాత్రం అంటించలేదు, అది రక్షిత జీవి, దాన్ని ఇబ్బంది పెట్టకూడదు, అందుకని అది నిద్రపోతున్న ఆకు మీదా, ఆకు కిందా పెట్టారు. 2021లో ఫలితం అచ్చయింది. మధ్యాహ్నం వేళ హయాలినా ఉండే చోట గులాబీ నత్త ఉండే చోటు కంటే సగటున పది రెట్లు ఎక్కువ వెలుతురు ఉంది. నీడను వెతుక్కుంటూ వెళ్లేలోపే వేటగాడికి ఎండ తగులుతుంది, ఇక ముందుకు రాదు.

కాబట్టి ఇప్పుడు ఆ నత్తను కాపాడాలంటే ఆ ఎండ పడే అడవి అంచులను కాపాడాలి. దట్టమైన అడవి మాత్రమే మంచిదనుకునే మన అలవాటుకు ఇది కాస్త ఎదురు.

ఇక ప్రమాదం తప్పినట్టేనా?

తప్పలేదు. గులాబీ నత్త ఇంకా ఉంది, తక్కువైంది కానీ పోలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా న్యూ గినియా నుంచి వచ్చిన బల్లపరుపు పురుగు ఒకటి ఆ దీవుల్లో చేరింది, అది కూడా నత్తలను తింటుంది. ఆరేడు వారాలకు ఒక్క పిల్లను కనే జీవి కోలుకోవాలంటే ఎన్నేళ్లు పడుతుందో మీరే లెక్కేయండి.

హైదరాబాద్‌లో కూర్చుని మనం దీని గురించి పట్టించుకోవడం దేనికి?

ఈ ప్రశ్న మా బావగారు అడిగారు, కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని. ఆయనకు మూషిక జింక గురించి చెప్పాను. మన దేశంలోని జింకల్లాంటి జీవుల్లో చాలా చిన్నది అది. అత్తాపూర్‌లో ఉన్న లాకోన్స్ (సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లు ముప్పులో ఉన్న జీవుల కోసం నడిపే ల్యాబ్), నెహ్రూ జూ పార్కు కలిసి 2010లో దాన్ని పెంచడం మొదలుపెట్టాయి, 2017లో అమ్రాబాద్ అడవిలో వదిలారు. కొద్దిపాటి జీవులతో మొదలుపెట్టడం, ఏళ్ల తరబడి ఓపిగ్గా లెక్క రాయడం, అడవి సిద్ధమయ్యాక వదలడం, లండన్‌లో నత్తకు చేసిందీ ఇదే, మన ఊళ్లో చేసిందీ ఇదే. మన దేశంలో నేల నత్తలు వెయ్యికి పైగా రకాలున్నాయి, వాటిలో చాలా రకాలు పశ్చిమ కనుమల్లోనివి, వేరే ఎక్కడా దొరకనివి. వాటిలో ఎన్నిటి పేర్లు మనకు తెలుసు? నాకు ఇంద్రెల్లా ఒక్కటి తెలుసు, వానలో ఎర్రటి ఒంటితో ఆకు మీద కూర్చున్న ఫొటో చూసి వారం పాటు మర్చిపోలేదు.

సరే, మా కుండీల్లో ఉన్న ఆఫ్రికా నత్తలను ఏం చేయమంటారు? అవి కూడా పాపమేనా?

వాటిని తీసేయాల్సిందే, అందులో నాకు మొహమాటం లేదు. కానీ ఉప్పు చల్లకండి. నేనూ ఒకప్పుడు చల్లాను, నత్తలు చచ్చాయి, మూడు వారాలకు ఆ కుండీలో మల్లెమొక్క కూడా ఎండిపోయింది, ఉప్పు మట్టిలోనే ఉండిపోతుంది మరి. విషపు బిళ్లలు వేసేముందు కూడా రెండుసార్లు ఆలోచించండి. పక్క వీధిలో ఎవరో వేస్తే ఒక కుక్కపిల్ల తిని రాత్రంతా వణికింది, తెల్లారేదాకా వాళ్లింట్లో అందరికీ టెన్షనే.

చీకటి పడ్డాక టార్చి పట్టుకుని, చేతులకు గ్లవ్స్ వేసుకుని ఏరండి. వట్టి చేతులతో ముట్టుకోవద్దు, ఎలుకల ఊపిరితిత్తుల పురుగు అనేది ఈ నత్తల్లో ఉండొచ్చు, అది మనిషికి చేరితే మెదడు పొరలకు వాపు వస్తుంది. పిల్లలకు ఈ మాట తప్పకుండా చెప్పండి, కూరగాయలు, ముఖ్యంగా పచ్చిగా తినే ఆకులు బాగా కడగండి. ఏరినవాటిని బకెట్లో చిక్కటి ఉప్పునీళ్లలో వేసి, చచ్చాక లోతుగా గుంట తీసి పూడ్చండి. తడి గోనెపట్టా రాత్రి పరిచి ఉంచితే పొద్దున దాని కిందికే చేరుతాయి, ఏరడం తేలిక. మట్టిలో లేత పసుపు రంగు గుడ్లు గుంపుగా కనిపిస్తే వాటినీ తీసేయండి. ఇది ఒక్కరోజుతో అయ్యే పని కాదు, వానాకాలమంతా చేయాలి, కాలనీ మొత్తం చేయాలి.

వాటిని తినే ఇంకేదో తెచ్చి వదలడం మాత్రం వద్దు.

ఏరేటప్పుడు వేరే చిన్న నత్త కనిపిస్తే ఎలా గుర్తుపట్టాలి?

ఆఫ్రికా నత్త గుల్ల పొడుగ్గా, మొన తేలి, గోధుమరంగు నిలువు చారలతో ఉంటుంది, పిల్లగా ఉన్నప్పుడు కూడా ఆ కోసుదనం కనిపిస్తుంది. మన తోటల్లో ఉండే మాక్రోక్లామిస్ అనే నత్త గుల్ల చదునుగా, చుట్టిన జిలేబీలా, తేనెరంగులో నున్నగా మెరుస్తుంది. ఇంకా చిన్నవి, గసగసాల కంటే కాస్త పెద్దవి, రాళ్ల కింద, పాత ఇటుకల కింద ఉంటాయి. మొన్న జూలైలో నేను తులసికోట వెనక నాచు మీద ఒకదాన్ని చూశాను, ఫోన్ టార్చి పక్కనుంచి వేస్తే గుల్లలోంచి వెలుతురు కనిపించింది, మెడ పక్కన సూదిమొనంత రంధ్రం తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. అది ఊపిరి తీసుకోవడం. పది నిమిషాలు అలాగే కూర్చుండిపోయాను.

అలాంటిది కనిపిస్తే పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఒక ఫొటో తీయండి, తేదీ, చోటు రాసుకోండి. రాయి ఎత్తి ఉంటే నెమ్మదిగా, ఎలా ఉన్నదో అలాగే తిరిగి పెట్టేయండి.